సాత్విక భుజం మీద చెయ్యి

ఢిల్లీ ద్వారకలో తెల్లవారడమంటే ముందు పాలబండి, తర్వాత విమానం, ఆ తర్వాత కృష్ణకుమారి గొంతు. లలితా సహస్రనామం చదువుకుంటూ ఉంటుందా, నెత్తిమీద విమానం మోత మొదలవగానే ఏ నామం దగ్గరుంటే అక్కడే ఆగిపోతుంది. అది దాటిపోయాక మళ్ళీ అందుకుంటుంది. అమ్మవారికి ఒక్క నామమైనా వినపడకుండా పోకూడదు కదండీ! పక్క ఫ్లాటులో ఉండే పంజాబీ ఆవిడకి ఇదంతా అలవాటే. "దీదీ, ఆజ్ ఫ్లైట్ లేట్ హై, ఆప్ తో బహుత్ ఆగే నికల్ గయీ" అని, ఇవాళ విమానం ఆలస్యం, మీరే ముందుకెళ్ళిపోయారని గోడ అవతలనుంచి మేలమాడుతుంది.

పూజ అయ్యాక పెసరట్టు, అల్లప్పచ్చడి. మొగుడు మనోహర్‌కి గురుగ్రామ్ ఆఫీసుకి ఒక డబ్బా, కూతురు సాత్వికకి స్కూలుకి ఒక డబ్బా. ఆయన మెట్రోకి పరిగెత్తాక, పిల్ల బస్సెక్కాక, కృష్ణకుమారి భోజనాల బల్ల తుడిచి, దానిమీద కొత్త పని పరుచుకుంటుంది. కెనడా కాగితాలు.

దరఖాస్తు పెట్టేది వచ్చే ఏడాది. కానీ ఇప్పట్నించే అన్నీ సిద్ధం చేసి పెట్టుకోవాలని ఆవిడ పట్టు. ఎందుకంటారా? దీపావళి వచ్చిందంటే చాలు, ఢిల్లీ ఆకాశం పొగచూరిన వంటింటి కప్పులా అయిపోతుంది. సాత్వికకి పిల్లికూతలు మొదలవుతాయి. పోయిన ఏడాది రెండుసార్లు ఆసుపత్రిలో పెట్టారు. ముక్కుకి గొట్టం పెట్టుకుని "అమ్మా, ఐయామ్ ఫైన్ యార్, ఏడవకు" అని ఆ పిల్లే తల్లిని ఓదార్చింది. ఆ మంచం పక్కనే మనోహర్ అన్నాడు, "గాలి బావుండే ఊరికి పోదాం కుమారీ. శాశ్వతంగా పోదాం." ఆవిడ స్వామిని తలుచుకుని సరే అంది.

ఇక్కడ మీకు ఫొటోల సంగతి కూడా చెప్పాలి.

సాత్వికని ఎవరు ఎక్కడ ఫొటో తీసినా, ఆ పిల్ల ఎడమ భుజం మీద ఒక ఆడమనిషి చెయ్యి పడుతుంది. మణికట్టు దాకానే. ఆ పైన ఏమీ ఉండదు, వెనకున్న తెరలో కలిసిపోతుంది. ఎడమచెయ్యి, ఆకుపచ్చ మట్టిగాజులు, ఉంగరం వేలి మొదట్లో పుట్టుమచ్చ. శ్రావణ శుక్రవారం తీస్తే వేళ్ళకి పసుపు కూడా అంటుకుని ఉంటుంది. ఆ చెయ్యి కృష్ణకుమారి చెల్లెలు అన్నపూర్ణేశ్వరిది. ఆవిడ ఉండేది రాజోల్లో. సాత్వికని కన్నది ఆవిడే, పెంచింది కృష్ణకుమారి. ఇదేమీ దాపరికం కాదు, పిల్లకి ఊహ తెలిసినప్పట్నించీ తెలుసు. అన్నపూర్ణని పిన్నీ అంటుంది, కృష్ణకుమారిని అమ్మా అంటుంది, అంతే.

ఆధార్ తీసినప్పుడు అక్కడి కుర్రాడు తెర మీద ఆ చేతిని చూసి, ఎవరిదన్నట్టు, "హాథ్ కిస్‌కా హై?" అన్నాడు. "మౌసీ కా" అంది కృష్ణకుమారి, పిన్నిదని. "అచ్ఛా" అని మీట నొక్కేశాడు. స్కూలు ఐడీ కార్డులోనూ ఆ చెయ్యి ఉంది. మార్కెట్‌లో స్టూడియో నడిపే లాంబాజీ అయితే, దీపాలు సర్దేటప్పుడు చేతికి కూడా వెలుగు చాలిందో లేదో చూసుకుని మరీ తీస్తాడు.

అలాంటి పిల్ల ఫొటోలతో, ఇంట్లో ఉన్న కాగితాలన్నిటితో కృష్ణకుమారి ఒకనాడు జనక్‌పురిలో ఉన్న కన్సల్టెన్సీకి వెళ్ళింది. అక్కడ వరంగల్ నుంచి వచ్చి పనిచేస్తున్న హారిక అనే అమ్మాయి వీళ్ళ ఫైలు చూస్తోంది.

"మంచిపని చేసిన్రు మేడమ్, ఏడాది ముందే వచ్చిన్రు. అందరు ఆఖర్ల ఉరుకొస్తరు" అంటూ హారిక సంచీ విప్పి, మనోహర్ డిగ్రీ పట్టా బయటికి తీసి, అలాగే ఉండిపోయింది. "ఇదేంది మేడమ్? నాలుగు మూలల పసుపు పెట్టిన్రు?"

"శుభకార్యం కదమ్మా! అన్నిటికీ పెట్టాను."

"అన్నిటికా?"

"మార్కుల లిస్టులకి కూడా. మధ్యలో కుంకుమ బొట్టు పెడదామనుకున్నాను గానీ, మా ఆయన లాక్కున్నారు."

నవ్వకండి. పరీక్షకెళ్ళే పిల్ల హాల్ టికెట్‌కి దేవుడి దగ్గర ఇంత కుంకుమ అద్దని తల్లి మీలో ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి, చూద్దాం. హారిక తల పట్టుకుంది. తర్వాత తనే నవ్వి, "స్కాన్ల మరకలెక్క పడ్తది. సార్ని యూనివర్సిటీకి రాసి ఇంకో కాపీ తెప్పించుకోమనుండ్రి. ముందే వచ్చిన్రు కాబట్టి టైముంది" అంది.

ఆ తర్వాత సాత్విక పుట్టిన సర్టిఫికెట్ తీసింది. నవ్వు ఆగిపోయింది.

"తల్లి పేరు అన్నపూర్ణేశ్వరి అని ఉంది. స్కూల్ కాగితాలల్ల మీ పేరుంది. దత్తత పత్రం ఏది మేడమ్?"

"పత్రం ఏమిటమ్మా? మా చెల్లెలే కదా. ఇస్తానంది, తెచ్చుకున్నాం. మనలో మనకి కాగితాలేమిటి?"

హారిక కుర్చీ దగ్గరికి లాక్కుంది. గొంతు తగ్గించింది. "మేడమ్, పేపర్ మీద ఈ పాప మీకు చెల్లె బిడ్డ. మీ బిడ్డ కాదు. మీరిద్దరు పోవచ్చు, ఈమె మీవెంట రాలేదు. ఇప్పుడు దత్తత చెయ్యాలె. అది గూడ పాపకు పదిహేను నిండక ముందే. నిండినంక మామూలుగ చెల్లది. ఎప్పుడు పుట్టినరోజు?"

"కార్తీక మాసంలో." అది శ్రావణం.

"దేవుడే మిమ్మల్ని ముందు పంపిండు. లాయర్ నంబర్ ఇస్త. ఆయన ఒకటే మాట చెప్తడు, కాగితం మీద సంతకం ఒక్కటే సరిపోదు. కన్నవాళ్ళు పిల్లను చేతుల్తోని ఇయ్యాలె, పెంచుకునేటోళ్ళు తీసుకోవాలె. అది జరిగినంకనే రిజిస్ట్రేషన్. తర్వాత ఇంకా శానా పనులుంటయి, కానీ మొదలు ఇది." ఫొటో ఎత్తి చూసింది. "ఇంకోటి. ఫొటోల వేరేవాళ్ళ చెయ్యి ఉండొద్దు. కెనడావాళ్ళు ఒప్పుకోరు. మీ చెల్లెకు జెప్పి తియ్యమనుండ్రి."

చెప్పి తియ్యమనాలట. ఎంత తేలిక మాట!

కృష్ణకుమారి ఇంటికొచ్చి ఫోను చేతిలో పట్టుకుని కూర్చుంది. ఏమని అడుగుతుంది? 'నీ కూతుర్ని నాకియ్యి' అనా? ఇచ్చేసి పధ్నాలుగేళ్ళు దాటింది. 'నీ చెయ్యి తియ్యి' అనా? ఏ తల్లితోనైనా అనే మాటేనా అది? పైగా లోపల ఒక భయం. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు కాబట్టి అన్నపూర్ణ ఏమీ చెప్పలేదు. అడిగితే, 'ఇవ్వను' అంటే? అనే హక్కు దానికుంది. కాగితం మీద కూడా ఉంది.

పిల్లని తెచ్చుకున్న రోజు ఆవిడకి బాగా గుర్తు. కడుపుతో ఉండగా అన్నపూర్ణే అంది, "నాకొక కొడుకున్నాడు చాలు. ఇది నీ కోసమే పుడుతోందక్కా" అని. పుట్టాక, పురుడు వెళ్ళాక, ఢిల్లీ రైలుకి టైమవుతుంటే అన్నపూర్ణ మంచం మీద పిల్లని పక్కనేసుకుని నిద్రలో ఉంది. ఎడమచెయ్యి పిల్ల భుజం మీదుంది. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి, "లేపకే. లేచిందంటే ఇవ్వలేదు" అని సైగ చేసింది. కృష్ణకుమారి ఊపిరి బిగబట్టి ఆ చెయ్యి కిందనుంచి పిల్లని మెల్లిగా జరుపుకుని, ఎత్తుకుని, వీధిలో నిలబెట్టిన కారెక్కేసింది. నెలతిరక్కుండా తీసిన మొదటి ఫొటోలోనే చెయ్యి వచ్చింది. అప్పట్నించీ రాజోల్లో అన్నపూర్ణ ఎడమచేతికి స్పర్శ లేదు. రాజమండ్రి డాక్టర్లు నరాలన్నారు, మందులిచ్చారు. ఇంట్లోవాళ్ళకి తెలుసు చెయ్యి ఎక్కడుందో. ఎవరూ దాన్ని గురించి మాట్లాడరు, అంతే.

ఎట్టకేలకి ఫోను చేసింది. టమాటా ధర, వానలు, మనోహర్ మోకాళ్ళు అన్నీ అయ్యాక, విషయం చెప్పింది. అవతల కుక్కర్ కూత ఒకటి వినపడింది.

"సరే అక్కా. టిక్కెట్లు చూడమంటాను" అంది అన్నపూర్ణ. ఇస్తాననలేదు. ఇవ్వననలేదు.

ఆ వారంలోనే సాత్విక సెల్‌ఫోను తెచ్చి తల్లి ముందు పెట్టింది. "అమ్మా, దేఖో నా. ఫ్రెండ్స్‌తో సెల్ఫీ. పిన్ని ఈమధ్య గట్టిగా పట్టుకుంటోంది."

చూసింది. నిజమే. ఇంతకాలం ఊరికే ఆనించినట్టుండే చెయ్యి ఇప్పుడు బిగిసింది. వేళ్ళ కణుపులు తెల్లగా తేలాయి. కింద యూనిఫారం ముడతలు పడింది.

"నొప్పిగా ఉందేంటే?"

"నహీ. బస్, అంతే, పిన్ని ఉందని తెలుస్తుంది" అని భుజం ఎగరేసి వెళ్ళిపోయింది పిల్ల.

కృష్ణకుమారి ఆ పూట అన్నం తినలేదు. దేవుడి గూటి ముందు కూర్చుంది గానీ ఏం కోరుకోవాలో తెలియలేదు. చెల్లెలు వదలాలని కోరుకుంటే పాపం. వదలకూడదని కోరుకుంటే పిల్లకి ఊపిరాడదు. చివరికి, "నీకే తెలుసు తండ్రీ" అని లేచింది. అలా చేతులెత్తేసిన ప్రార్థనలే స్వామికి ముందు చేరతాయని నా నమ్మకం. మీరేమంటారో మరి.

వినాయకచవితి వెళ్ళాక అన్నపూర్ణ, ఆవిడ భర్త ఉమాశంకర్ దిగారు. ఉమాశంకర్‌కి కొబ్బరి వ్యాపారం. బట్టల సంచీ ఒకటి, కొబ్బరికాయల బస్తాలు రెండు. మనోహర్ స్టేషన్‌లో బస్తా ఎత్తబోయి మూలిగాడు.

"ఏం తోడల్లుడూ, ఢిల్లీలో కొబ్బరికాయలు అమ్మరనుకున్నావా?"

"అమ్ముతారన్నగారూ. కానీ వాటిని కొబ్బరికాయలు అనరు మా వైపు" అన్నాడు ఉమాశంకర్.

అన్నపూర్ణ సన్నబడింది. ఎడమచెయ్యి కొంగులో దాచుకుని దిగింది. సాత్విక పరిగెత్తుకెళ్ళి కావలించుకుంటే, కుడిచేత్తోనే తల నిమిరింది. "ఎంత పొడుగైపోయావే! నాకు మెడ నొప్పెట్టేస్తోంది నిన్ను చూడ్డానికి."

"పిన్నీ, నువ్వే ష్రింక్ అయిపోయావు."

"అంటే ఏమిటో గానీ, మంచిమాటైతే కాదు" అని నవ్వింది అన్నపూర్ణ.

మర్నాడు మధ్యాహ్నం మగవాళ్ళిద్దరూ లాయరు దగ్గరికెళ్ళారు. అక్కచెల్లెళ్ళు వంటింట్లో ఉన్నారు. కృష్ణకుమారి పెసరట్టు తిప్పుతోంది. అన్నపూర్ణ పొయ్యి పక్కన గట్టుకి ఆనుకుని ఊరి సంగతులేవో చెబుతోంది. ఉన్నట్టుండి ఏదో చురచురమంది. చూస్తే, అన్నపూర్ణ ఎడమ అరచెయ్యి పెనం అంచు మీదుంది. ఆవిడ మాట్లాడుతూనే ఉంది.

"పూర్ణా!" కృష్ణకుమారి ఆ చెయ్యి లాగి పంపు కింద పెట్టింది. అరచేతిలో ఎర్రగా వాత తేలింది. "నీకు తెలీలేదుటే?"

"ఎలా తెలుస్తుందే? చెయ్యి ఇక్కడుంటే కదా" అంది అన్నపూర్ణ, ఏదో చీర ఇస్త్రీకిచ్చాను అన్నట్టు.

కృష్ణకుమారికి ఏడుపు తన్నుకొచ్చింది. స్పర్శ లేదని వినడం వేరు, కళ్ళతో చూడ్డం వేరు. వెన్న రాస్తూ రాస్తూ అడిగేసింది. "ఎందుకే అంత గట్టిగా పట్టుకుంటున్నావు? నా మీద కోపమా? నీకు చెప్పకుండా, నువ్వు నిద్రపోతుంటే తీసుకెళ్ళాననా?"

అన్నపూర్ణ పంపు కట్టేసింది.

"నేను నిద్రపోలేదక్కా."

పొయ్యి మీద అట్టు మాడుతోంది. ఇద్దరూ చూళ్ళేదు.

"కళ్ళు మూసుకున్నానంతే. ఇస్తానని నోటితో అన్నాను కదా, కాదనలేను. కళ్ళు తెరుచుకుని ఇవ్వలేను. పడుకున్నట్టుంటే నువ్వే తీసుకెళ్తావని పడుకున్నాను. నువ్వు నా చెయ్యి కిందనుంచి జరుపుతుంటే అంతా తెలుస్తూనే ఉంది. పిల్ల వెళ్ళిపోయింది, చెయ్యి దానివెంట వెళ్ళిపోయింది. నేను పట్టుకోవడం లేదే. అదే పట్టుకుంటోంది. నా మాట వినేదైతే ఎప్పుడో తీసేసేదాన్ని."

"మరి..."

"ఇద్దామనే వచ్చాను. ఈసారి మెలకువగా ఇస్తాను. అది వస్తుందో రాదో మాత్రం స్వామికే తెలియాలి." పొయ్యి వైపు చూసి, "ముందా అట్టు తియ్యి. ఇల్లంతా పొగ. పిల్ల బడినించి వచ్చే వేళయింది" అంది.

వాళ్ళుండే సెక్టారులో మనవాళ్ళందరూ కలిసి కట్టుకున్న వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. మంచిరోజు చూసి అక్కడే దత్తత పెట్టుకున్నారు. పంతులుగారు పీటలు వేయించారు. రిజిస్ట్రారుకి చూపించడానికి ఫొటోలు తీస్తానని లాయరు కూడా వచ్చాడు. ఆయన ఢిల్లీ మనిషి, తెలుగు రాదు, కానీ ప్రసాదం పులిహోర అని తెలుసు. వీళ్ళ తర్వాత వరసలో ఒక పంజాబీ కుటుంబం పసివాడి పుట్టువెంట్రుకలు తీయించడానికి వచ్చి కూర్చుంది. వాడు అప్పుడే ఏడుపు మొదలుపెట్టాడు.

సంప్రదాయం ప్రకారం పిల్లని కన్నతల్లి ఒళ్ళో కూర్చోబెట్టి, అక్కణ్ణించి పెంచుకునే తల్లి ఒళ్ళోకి ఇవ్వాలి. పసిపిల్లైతే సరే. సాత్విక కూర్చుంటే అన్నపూర్ణ కనపడకుండా పోయింది.

"పిన్నీ, బరువున్నానా?"

"మాట్లాడకే, ఊపిరాడ్డం లేదు."

పంతులుగారు మంత్రం చెప్పి, "ఇచ్చాను అనమ్మా" అన్నారు. అన్నపూర్ణ ఇచ్చాను అంది. ఉమాశంకర్ ఇచ్చాను అన్నాడు. కృష్ణకుమారి, మనోహర్ తీసుకున్నాం అన్నారు. సాత్విక ఈ ఒళ్ళోంచి లేచి ఆ ఒళ్ళో కూర్చుంది. లాయరు ఫొటో తీశాడు. తీసి, కళ్ళజోడు పైకి తోసుకుని ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు.

"మేడమ్, హాథ్ తో అభీ భీ వహీం హై."

ఫోను అందరి చేతుల్లోకీ వెళ్ళింది. సాత్విక కృష్ణకుమారి ఒళ్ళో కూర్చుని ఉంది. ఎడమ భుజం మీద చెయ్యి ఉంది. అదే బిగింపు. ఇవతల అన్నపూర్ణ ఎడమచెయ్యి ఒళ్ళో ఊరికే పడుంది.

"ఇచ్చినట్టు ఈ ఫొటో చూపిస్తే రిజిస్ట్రారు ఏమంటాడు? పట్టుకునే ఉన్నారు కదా అంటాడు" అని లాయరు హిందీలో అన్నాడు. తప్పేమీ లేదు, చట్టం ఆయన చెప్పినట్టే ఉంది.

మళ్ళీ చేశారు. మళ్ళీ ఫొటో. చెయ్యి కదల్లేదు. అన్నపూర్ణ మొహం పాలిపోయింది. ఉమాశంకర్ తల వంచుకున్నాడు. అవతల పంజాబీ పసివాడు గుక్కపట్టాడు, వాళ్ళ తాతగారు గడియారం చూసుకున్నారు. మనోహర్ చెవిలో గొణిగాడు, "కుమారీ, ఇంకో ముహూర్తం చూద్దామా?"

కృష్ణకుమారి సాత్వికని ఒళ్ళోంచి లేపి, మళ్ళీ చెల్లెలి ముందు నిలబెట్టింది. తను పీట మీంచి లేచి రెండడుగులు వెనక్కి జరిగింది.

"పూర్ణా, అప్పుడు నేనే జరిపాను. ఇప్పుడు నేను లాగనే. నీకెప్పుడు వీలైతే అప్పుడు. కార్తీకం దాటిపోతే పోనీ."

"పిల్ల ఊపిరి మాటేమిటక్కా?"

"దాన్నీ స్వామే చూసుకుంటాడు. నేను మాత్రం నీ చెయ్యి కిందనుంచి దాన్ని ఇంకోసారి తీసుకోను."

పంతులుగారు గంట కింద పెట్టి, "తొందరేమీ లేదమ్మా. స్వామి ఎక్కడికీ వెళ్ళడు, నేనూ వెళ్ళను" అన్నారు.

అన్నపూర్ణ సాత్విక మొహంలోకి చూసింది. ఎవరితోనూ అనని మాట, భర్తతో కూడా అనని మాట, ఆ పిల్లతో అంది.

"ఇది తీసేస్తే నీకు నేనేమవుతానే?"

సాత్వికకి ప్రశ్నే అర్థం కాలేదు. "పిన్నివి. ఔర్ క్యా? హాథ్ తీసేస్తే పిన్నివి కాకుండా పోతావా? ఫోన్లో రోజూ నా బుర్ర తింటావుగా, దానికి చెయ్యెందుకు?"

ఉమాశంకర్‌కి నవ్వొచ్చింది. అన్నపూర్ణకి కూడా వచ్చింది, కన్నీళ్ళతో కలిసి. అప్పుడావిడ ఒక పని చేసింది. కుడిచేత్తో తన ఎడమచేతిని ఎత్తి, తీసుకెళ్ళి, సాత్విక ఎడమ భుజం మీద పెట్టింది. అన్నేళ్ళుగా ఆ చెయ్యి ఉన్న చోటే పెట్టింది. చీకట్లో జారిపోయిన గాజుని తడిమినట్టు, అక్కడ కాసేపు తడిమింది. వేళ్ళ మీద వేళ్ళు కుదిరినట్టున్నాయి. కళ్ళు పెద్దవి చేసుకుని, రెప్ప వెయ్యకుండా, అక్కవైపే చూస్తూ, చెయ్యి పైకెత్తింది.

"ఇచ్చానక్కా."

"తీసుకున్నానే" అంది కృష్ణకుమారి. పిల్లకంటే ముందు చెల్లెల్ని దగ్గరికి తీసుకుంది.

లాయరు ఫొటో తీశాడు. చూసుకున్నాడు. బొటనవేలు ఎత్తి చూపించి, పులిహోర వైపు నడిచాడు. పంజాబీ తాతగారు, "బధాయీ హో జీ" అని అభినందించి లేచి, ఏడుస్తున్న మనవణ్ణి ఎత్తుకుని పీటల దగ్గరికి వచ్చేశారు.

మూడోనాడు రిజిస్ట్రేషన్ అయింది. అమ్మ పేరు దగ్గర కృష్ణకుమారి అని రాసి ఉన్న పత్రం చూసి ఆవిడ చెయ్యి పసుపు భరిణె వైపు వెళ్ళబోతే, మనోహర్ ఆ పత్రాన్ని షర్టు లోపల దాచేసుకున్నాడు.

ఆ సాయంత్రమే అక్కచెల్లెళ్ళు సాత్వికని తీసుకుని లాంబాజీ స్టూడియోకి వెళ్ళారు. అన్నపూర్ణ లోపలికి రానంది. "నేనెదురుగా ఉంటే అది మళ్ళీ వచ్చేస్తుందేమోనే. ఇక్కడుంటాను" అని బయట టీ బండి పక్కన నిలబడింది. చేతిలో ఏమైనా తేడా తెలుస్తోందా అని కృష్ణకుమారి రెండ్రోజులుగా అడుగుతూనే ఉంది. ఏమీ లేదనే చెబుతోంది అన్నపూర్ణ.

లాంబాజీ దీపాలు సర్ది, అలవాటు కొద్దీ భుజం వైపు వెలుగు తిప్పి, ఆగిపోయాడు. తెర మీదికి చూశాడు. "మౌసీ నహీ ఆయీ ఆజ్?"

"బాహర్ హై. చాయ్ పీ రహీ హై" అంది సాత్విక.

తెల్లటి తెర, పిల్ల మొహం, రెండు జడలు. ఇంకేమీ లేదు. కెనడావాళ్ళు అడిగినట్టే ఉంది. ఒక్కటే, ఎడమ భుజం కుడిదానికంటే కాస్త కిందికి వాలి ఉంది. లాంబాజీ దగ్గరికొచ్చి సరిచెయ్యబోయాడు, "బేటా, థోడా ఊపర్." సాత్విక ఎత్తింది. వదలగానే అది మళ్ళీ అక్కడికే వచ్చి ఆగింది. మళ్ళీ ఎత్తబోతుంటే కృష్ణకుమారి అంది, "రహనే దీజియే భయ్యా." ఆయన పిల్ల వైపు చూశాడు, తల ఊపాడు, అలాగే తీశాడు.

ఫొటోల మీద ఇంకు ఆరకుండానే కృష్ణకుమారి వాటిని అంచులు పట్టుకుని బయటికొచ్చింది. సరిగ్గా అప్పుడే టీ బండి దగ్గర కేక వినపడింది. అన్నపూర్ణ గాజుగ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. టీ పొగలు కక్కుతోంది. కుడిచేతిలో పర్సుంది. గ్లాసు పట్టుకున్నది ఎడమచేత్తో.

"కాలిందే!" అంటోంది. బండివాడు కంగారుగా గ్లాసు అందుకోబోతే ఇవ్వడం లేదు. "అక్కా, కాలిందే! వేలు కాలింది!"

కృష్ణకుమారి ఫొటోలు సాత్విక చేతిలో పెట్టి పరిగెత్తింది. గ్లాసు లాక్కుని బండి మీద పెట్టి, చెల్లెలి చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుంది. పుట్టుమచ్చ పక్కన వేలు ఎర్రగా కందింది. వంగి, చిన్నప్పుడు చేసినట్టు, ఉఫ్ ఉఫ్ అని ఊదబోయింది.

"ఊదకే" అంది అన్నపూర్ణ. "కాసేపు ఉండనీ."